బస్తా పైన కాయలు

నార్వే పిల్లల వ్యవహారం నా గుమ్మంలోకి వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. నరసరావుపేటలో సొంత మేడ, దాని పైన ఇద్దరు అమ్మాయిలూ అత్తగారిళ్లకు వెళ్లాక బూజు పట్టిన రెండు గదులు. వినుకొండ రోడ్డులో మిరపకాయలకు తొడిమలు తీయించే రేకుల షెడ్డు. పోయినేడు ధర పడిపోతే అమ్మబుద్ధి కాక కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు. ఊళ్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ కమిటీలో కుర్చీ. వీటన్నిటికన్నా ముందు నుంచీ ఉన్నది షబ్బీర్ స్నేహం.

షబ్బీర్ ట్రాక్టర్ మెకానిక్కు. నేను అద్దె వ్యానులో ఊరూరూ తిరిగి మిర్చి కొనే రోజుల్లో, ఆ వ్యాను ఎక్కడ మొరాయిస్తే అక్కడికి పానాల సంచి తగిలించుకుని సైకిలు మీద వచ్చేవాడు. నన్ను అన్నా అంటాడు. వాడి భార్య రబియా నా షెడ్డులో పని చేస్తుంది. వాడి కూతురు ఉజ్మా నన్ను పెదనాన్నా అని పిలిచేది. ఇప్పుడేమని పిలుస్తుందో చివర్లో రాస్తాను, అది కూడా ఈ లెక్కలోదే.

డిసెంబరులో కాలేజీ కమిటీ కూర్చున్నప్పుడు ఇంగ్లీషు చెప్పే ప్రభు మాస్టారు ఈ సంగతి ఎత్తాడు. నార్వేలో ఒక యూనివర్సిటీ పిల్లలు మిర్చి కోతల కాలంలో వచ్చి ఐదు వారాలు మన ఊళ్లో ఉంటారట.

"వాళ్లకి హోటల్ గదులొద్దంట. మన ఇళ్లల్లో ఉంటారంట," అన్నాడు.

"ఏం, డబ్బుల్లేవా?" అన్నాను.

"డబ్బుల్లేక కాదండీ మస్తాన్‌రావు గారూ. వాళ్ల చదువే అది. పొద్దున మన కాలేజీలో పాఠాలు. మధ్యాహ్నం నించి మీ ఇంట్లో మనిషిలాగా ఉంటారు. మీరు తినేది తింటారు, మీరు చేసే పని చేస్తారు. చూసిందంతా రాస్తారు. దానికి మార్కులు."

"మా ఇంట్లో పప్పన్నం తిన్నందుకు మార్కులా!" అంటే అందరూ నవ్వారు.

ప్రభు నవ్వలేదు. అసలు మాట తర్వాత చెప్పాడు. వాళ్ల పిల్లలకు మన పిల్లలు కొందరు తోడు ఉండి మాటలు అటూ ఇటూ చెప్పాలి. అట్లా పనిచేసిన వాళ్లలోంచి ఒకరిని, వచ్చే ఏడు ఒక సెమిస్టరు పాటు నార్వేకి తీసుకెళ్లి చదివిస్తారు. విమానం దగ్గర్నించీ ఖర్చు వాళ్లదే. ఆ ఒక్కరూ ఎవరన్నది వాళ్ల ప్రొఫెసరమ్మ తేలుస్తుంది.

నేను అక్కడికక్కడే బేరం చూసుకున్నాను. యూరప్ పిల్ల ఒకతె నా ఇంట్లో ఉంటే, ఆమె పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో షెడ్డు పక్కనున్న నా కొట్టులో ఉంటే, ఎగుమతి చేసేవాళ్ల దగ్గర నా మాటకి బరువొస్తుంది. ఉజ్మా డిగ్రీ ఆఖరి ఏడులో ఉంది, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. ఆ పిల్లని మా ఇంటికి వచ్చే మనిషికి తోడు పెడితే సీటు దానికే వస్తుంది. ఇద్దరికీ లాభమున్న బేరం. మేడమీది గదులు ఇస్తానన్నాను, ఉజ్మా పేరు రాయించాను.

షబ్బీర్ షాపుకి వెళ్లి చెప్తే, గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంటూ నా మొహం చూశాడు.

"అన్నా, డిగ్రీ అయ్యాక ఏంది అని ఆ పిల్ల అడిగినప్పుడల్లా నా దగ్గర మాట లేదు. పైచదువు నా వల్ల కాదు. ఇది ఒక్కటే దారి అన్నమాట."

"దారి పడింది గదరా. నడవటమే."

"ఆ మంచుదేశంలో ఏం తింటదో."

"ముందు పోనీయ్. తిండి సంగతి అప్పుడు చూద్దాం."

రబియా ఆ సాయంత్రం షెడ్డులో గుడ్డ మొహానికి కట్టుకుంటూ, "అన్నా, అది పోయి వచ్చిందంటే ఇంక ఈ గడప తొక్కాల్సిన పని ఉండదు దానికి," అంది. సెలవుల్లో ఉజ్మా కూడా తల్లి పక్కన కూర్చుని తొడిమలు తీసేది. చేతిలో ఉన్న ఫోను ఆ కూలి డబ్బుతో కొనుక్కున్నదే.

మా ఇంటికి వచ్చిన పిల్ల పేరు ఇంగ్రిడ్. మా ఆవిడ వీరరాఘవమ్మకి నోరు తిరగక మొదటి రోజే ఇందిరని చేసింది. పొడుగు మనిషి. గుమ్మం తలకి తగలకుండా వంగి వచ్చేది. మేడ మీద గదులకు రంగు వేయించాను, కమోడ్ పెట్టించాను. మూడోరోజు సాయంత్రం ఆ పిల్ల చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడేసరికి మా ఆవిడ పరుగెత్తుకెళ్లి లాక్కుంది.

"ఏమే ఉజ్మా, దీనికి చెప్పు. ఇంటికొచ్చిన పిల్ల చేత వాకిలి ఊడిపిస్తే వీధిలో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?"

"అది ఆమె చదువు పెద్దమ్మా. చెయ్యకపోతే మార్కులు పోతాయంట."

"మార్కులు కావాలంటే కూరగాయలు తరగమను, కూర్చుని. నిలబడి చేసే పని మాత్రం నా ఇంట్లో కుదరదు."

అట్లా బెండకాయలు తరగటం ఒక్కటీ ఆ పిల్ల వాటాకి వచ్చింది. తరిగినన్ని రోజులూ అవే వండాల్సి వచ్చి నాకు బెండకాయ అంటే విసుగు పుట్టింది. రోజూ ఉజ్మా కాలేజీ నుంచి ఆమెతో వచ్చేది, ఇద్దరూ మేడ మెట్ల మీద కూర్చుని ఒకళ్లకి ఒకళ్లు మాటలు నేర్పుకునేవాళ్లు. ప్రొఫెసరమ్మ వచ్చినప్పుడు ఉజ్మా భుజం తట్టి ఏదో అంది. ప్రభు నా చెవిలో, "అన్నిటికన్నా ఈ పిల్ల బాగా చెప్తోందంట," అన్నాడు. నేను పెట్టిన సరుకు ధర పలుకుతోందని సంతోషించాను.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఇంగ్రిడ్ రాయాల్సిన పాఠం దగ్గర. పొలంలో కాయ కోసిన దగ్గర్నించి బస్తా కుట్టేదాకా ఆడవాళ్ల చేతులు చేసే పని ఆమెకి కావాలి. పొలం చూసింది, కళ్లంలో ఆరబోసిన కాయలు చూసింది. ఇక తొడిమలు తీసే చోటు చూపించమంది.

మా షెడ్డు సంగతి చెప్పాలి. తొడిమ ఉన్న కాయకి కారం మిల్లులవాళ్లు ధర తగ్గిస్తారు. అందుకని ఆడవాళ్లు వరసగా నేల మీద కూర్చుని ఒక్కో కాయ తొడిమనీ చేత్తో తుంచుతారు. పైన రేకులు, కింద ఘాటు. కొంగు మూతికి కట్టుకున్నా దగ్గు ఆగదు. పసిపిల్లలుంటే చీర ఉయ్యాల అక్కడే. మరుగుకి వెనక తుమ్మచెట్లే. నా షెడ్డు ఒక్కటే ఇట్లా ఉందని కాదు, ఈ చుట్టుపక్కల నేను చూసినవన్నీ ఇట్లాగే ఉన్నాయి. కానీ కొనేవాడికి చూపించే సరుకు వేరు.

మా వ్యాపారంలో అది తప్పు కింద లెక్క కాదు. కొనేవాడు వచ్చినప్పుడు బస్తా మూతి విప్పుతాం. ఎర్రగా మెరిసే కాయలు పైకి తెచ్చి మచ్చు చూపిస్తాం. అడుగున రంగు పోయిన తాలుకాయ ఉంటుందని మాకూ తెలుసు, వాడికీ తెలుసు. వాడు మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగుకాయ పైకి తీస్తాడు, నవ్వి ధర తగ్గిస్తాడు. మేమూ నవ్వుతాం. ఒకళ్లనొకళ్లు మోసగాడని అనుకోం. పైన మంచికాయ పెట్టకపోతేనే, వీడికి మన మీద గౌరవం లేదని కొనేవాడు అనుకుంటాడు.

ఆ పిల్లకి కూడా మచ్చు చూపిద్దామనుకున్నాను. చిలకలూరిపేటలో నా పాత స్నేహితుడు పుల్లారావుకి తొడిమ తీసే మిషన్లున్నాయి. అక్కడ పనిచేసే ఆడవాళ్లకి నెత్తిన టోపీలు, చేతికి తొడుగులు ఉంటాయి. వాడితో మాట్లాడుకుని, మా షెడ్డుకి రేకులు బాగుచేయాలని సెలవు చెప్పి, ఉజ్మాని కొట్టుకి పిలిచాను.

"రేపు ఇందిరని పేటలో పుల్లారావు మిషను దగ్గరికి తీసుకెళ్తన్నాం. మన సరుకంతా అక్కడే తొడిమ తీస్తారని చెప్పమ్మా."

"మన షెడ్డో పెదనాన్నా?"

"రేపు మూత."

"ఆమె చేత్తో తీసేవాళ్లతో మాట్లాడాలంటంది."

"మాట్లాడి ఫోటోలు తీసి వాళ్ల దేశంలో పెట్టిద్ది. ఆ తర్వాత మన కాయ ఎవుడు కొంటాడు? అయినా నువ్వు పోయేది కూడా ఆ దేశమే గదా. అక్కడ నిన్ను ఎవరి కూతురనుకోవాలి? కూలికి తొడిమలు తుంచేదాని కూతురనా?"

ఉజ్మా కింద పడ్డ ఒక ఎండుకాయని తీసుకుని, అలవాటు కొద్దీ తొడిమ తుంచి బల్ల మీద పెట్టింది.

"అట్నే పెదనాన్నా," అంది.

పుల్లారావు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. "ఏంది బావా, పెళ్లిచూపులకి నన్ను కూర్చోబెట్టినట్టుంది," అని నా చెవిలో గొణిగాడు. మిషన్లు తిరుగుతున్నాయి. ఆడవాళ్లు తొడుగుల చేతులతో పట్టా మీద జారే కాయల్ని చూస్తూ నిలబడి ఉన్నారు. ఇంగ్రిడ్ అంతా రాసుకుంది. తర్వాత ఉజ్మాని ఒక మాట అడిగింది.

"చేత్తో తీసే ఆడవాళ్లు నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతోంది," అని ఉజ్మా నాకు తెలుగులో చెప్పింది. నేను తల అడ్డంగా ఆడించాను. ఇంగ్రిడ్ అప్పుడు నన్ను చూడటం లేదు, ఉజ్మా నోటివైపు చూస్తోంది.

"నో," అంది ఉజ్మా. ఆ పాటి ఇంగ్లీషు నాకూ వచ్చు.

రంజాన్ నెల అప్పటికి సగం గడిచింది. ప్రతి ఏడూ ఒక సాయంత్రం షబ్బీర్ ఇంట్లో ఇఫ్తారుకి నేను వెళ్లడం అలవాటు. ఈసారి ఇంగ్రిడ్‌ని కూడా పిలిచారు. వద్దనటానికి నాకు కారణం దొరకలేదు. ఇల్లు చూస్తే ఏముంది, షెడ్డు కాదు గదా అనుకున్నాను. ఖర్జూరాల పెట్టె ఒకటి తీసుకుని ఆమెని వెంటబెట్టుకుని వెళ్లాను.

చాప పరిచారు. ఉజ్మా లోపల బజ్జీలు వేస్తోంది. షబ్బీర్ మసీదు మైకు వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. రబియా మా ఎదురుగా కూర్చుని షర్బతులోకి నిమ్మకాయ పిండబోయి, రసం వేళ్లకి తగలగానే చురుక్కుమని చెయ్యి విదిలించింది. ఇంగ్రిడ్ ముందుకి వంగి ఆ చెయ్యి పట్టుకుని చూసింది. గోళ్ల పక్కన చర్మం లేచి ఎర్రగా ఉంది, అరిచేతి నిండా కొబ్బరినూనె.

"ఏమైంది?" అంది ఇంగ్రిడ్, తెలుగులోనే. నాలుగు వారాల్లో ఆ పాటి మాటలు వచ్చాయి ఆమెకి. నేర్పింది ఉజ్మానే.

రబియా నవ్వింది. చిన్నపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మిరపకాయ తల్లీ. తొడిమ. చేత్తో." తుంచి చూపించింది. తర్వాత గర్వంగా నా వైపు వేలు చూపించింది. "అన్న షెడ్డు. పదేళ్ల నించి."

రబియాకేం తెలుసు? ఆ రోజు సెలవు ఎందుకిచ్చానో నేను చెప్పలేదు, ఉజ్మా చెప్పలేదు.

ఉజ్మా బజ్జీల పళ్లెంతో బయటికి వచ్చింది. ఇంగ్రిడ్ తల్లి చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి పట్టుకునే ఇంగ్లీషులో ఏదో అడిగింది, మెల్లిగా. నాకు మాటలు తెలియలేదు. ఉజ్మా మొహం చూశాక తెలియాల్సిన అవసరం లేకపోయింది. పళ్లెం కింద పెట్టింది, చున్నీ సర్దుకుంది.

మసీదు మైకులో అజాన్ వినిపించింది. "తీసుకోండి, తీసుకోండి," అన్నాడు షబ్బీర్. అందరం ఖర్జూరం నోట్లో వేసుకున్నాం. ఇంగ్రిడ్ మాత్రం తన ఖర్జూరాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చాక ఇంగ్రిడ్ మేడ మెట్లు ఎక్కబోతూ ఆగి, "రేపు షెడ్డు," అంది. అడగటం కాదు, చెప్పటం. కొనేవాడి చెయ్యి బస్తా అడుగుకి వెళ్లాక మూతి బిగించి లాభం లేదు. సరేనన్నాను. వెళ్లింది. రబియా పక్కనే నేల మీద కూర్చుని సాయంత్రం దాకా తొడిమలు తీసింది. వేళ్లు వాచి వస్తే మా ఆవిడ నూనె రాస్తూ నన్ను తిట్టింది. "పిల్లదాన్ని మిరపకాయల్లో కూర్చోబెడతావా? మొగుణ్ని ఒరేయ్ అని పిలిచేదాన్ని కాదు గాబట్టి సరిపోయింది!"

ఇంగ్రిడ్ చెడ్డపిల్ల కాదు. చూసింది చూసినట్టు రాయాలి, ఎవరి ద్వారా తెలుసుకుందో, ఆ మాట ఎంత నిజమో కూడా రాయాలి. వాళ్ల చదువుకి అది కట్టుబాటు. ఆమె ఏడ్చిందని తర్వాత ప్రభు చెప్పాడు. ఏడ్చినా చెప్పాల్సిన చోట చెప్పింది.

కాలేజీ ఆఫీసులో కూర్చోబెట్టారు. ప్రిన్సిపాలు, ప్రొఫెసరమ్మ, ప్రభు, ఇంగ్రిడ్. ఇల్లు ఇచ్చినవాణ్ని గనక నన్నూ పిలిచారు. ఉజ్మా నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ప్రొఫెసరమ్మ జుట్టు నెరిసిన మనిషి, గొంతు పెంచదు. ఆమె అడిగిందాన్ని ప్రభు నాకు మెల్లిగా చెప్పాడు.

"అట్లా చెప్పమని నీకు ఎవరైనా చెప్పారా అని అడుగుతున్నారు."

ఉజ్మా నా వైపు చూడలేదు. నేను ఆమె వైపు చూశాను, తర్వాత ప్రిన్సిపాలు వైపు చూశాను. ఆయన బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పుతున్నాడు.

ముప్పై ఏళ్లుగా నా ఒంటికి పట్టిన అలవాటు ఒకటుంది. ధర తెగేటప్పుడు మాట్లాడను. ఎదుటివాడు అటూ ఇటూ కదులుతాడు, వాడే ఏదో ఒకటి అంటాడు, అప్పుడు నేను నోరు తెరుస్తాను. మిర్చి యార్డులో ఈ అలవాటు నన్ను ఎప్పుడూ ముంచలేదు. ఆ రోజు కూడా అట్లాగే కూర్చున్నాను. ఒక్క నిమిషం ఆగితే ప్రొఫెసరమ్మే మెత్తబడుతుంది, పోనీలే చిన్నపిల్ల అంటుంది, నా షెడ్డూ నా పేరూ బయటికి రాకుండానే ఇది తెగిపోతుంది అనుకున్నాను. ప్రొఫెసరమ్మ మళ్లీ అదే మాట అడిగింది.

నేను ఆగాను. ఉజ్మా ఆగలేదు.

"ఎవరూ చెప్పలేదంటోంది," అన్నాడు ప్రభు. "వాళ్ల అమ్మ ఆ పని చేస్తుందని చెప్పుకోవటానికి సిగ్గేసి తనే అట్లా చెప్పిందంట."

ప్రొఫెసరమ్మ కళ్లద్దాలు తీసి తుడిచింది. తర్వాత చెప్పిన దాన్ని ప్రభు నేల చూస్తూ చెప్పాడు. సిగ్గు పడటం తమకు అర్థమవుతుందట. కానీ ఒకరి మాట ఇంకొకరికి చేర్చే పనిలో ఉన్న మనిషి, ఆ మాటని మార్చాక, ఇంకే మాట నమ్మాలో తమకు తెలియదట. ఈ ఏడు ఉజ్మా పేరు చూడలేమన్నారు. ఆ సీటు భావన అనే ఇంకో పిల్లకి రాశారు. తెలివిగల పిల్లే, తప్పు పట్టేందుకు ఏమీ లేదు.

వరండాలో ఉజ్మా వెనక పరుగులాంటి నడకతో వెళ్లాను.

"ఆగమ్మా. పద లోపలికి. నేనే చెప్పమన్నానని చెప్తా."

"ఏ భాషలో చెప్తావ్ పెదనాన్నా?" అంది. కోపం లేదు ఆ గొంతులో. "నువ్వు తెలుగులో చెప్తే ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. నా మాట నమ్మరనే గదా పక్కన పెట్టింది."

"ప్రభు చెప్తాడు."

"ప్రభు సార్ చెప్పడు. కాలేజీ కమిటీలో మనిషి మోసం చేశాడని ఆయన నోటితో చెప్తాడా? ఉద్యోగం వద్దా ఆయనకి?"

"మరి అక్కడ అడిగినప్పుడు నువ్వెందుకట్టా అన్నావ్?"

ఉజ్మా చెప్పులేసుకుంది. "అమ్మ రేపు మళ్లీ పనికి రావాలి గదా పెదనాన్నా." అని మెట్లు దిగి వెళ్లిపోయింది. పెదనాన్నా అన్న మాట నేను ఆ పిల్ల నోట వినటం అదే ఆఖరు.

అయినా నేను ఊరుకోలేదు. వాళ్లు వెళ్లిపోయే రోజు పొద్దున కాలేజీ ముందు బస్సు ఆగి ఉంటే, ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్లి ఫోను తీశాను. తెలుగులో చెప్తే ఇంగ్లీషులో పలికే ఏర్పాటు అందులో ఉందని మనవడు నేర్పాడు. "ఆ అమ్మాయి తప్పు లేదు. అట్లా చెప్పమంది నేనే," అన్నాను. ఫోను ఏదో ఆడగొంతుతో పలికింది. ప్రొఫెసరమ్మ విన్నది. ఫోను వైపు చూసి, నా వైపు చూసి, గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమంటున్నారు?" అని ప్రభుని అడిగాను.

ప్రభు గొంతు సవరించుకున్నాడు. "మీది చాలా పెద్ద మనసంటున్నారు. ఆ పిల్లని కాపాడటానికి నింద మీ మీద వేసుకుంటున్నారని. మీలాంటివాళ్లని మర్చిపోలేమంటున్నారు."

"కాదు, కాదు," అన్నాను చేతులూపుతూ. పొగిడితే మర్యాదకి వద్దనే మనిషి ఎట్లా అంటాడో అట్లాగే ఉందది. ఆమె ఇంకా ఎక్కువగా తలాడించింది. శాలువా తెప్పించి నాకే కప్పింది. ఫోటో తీశారు. ఇంగ్రిడ్ మా ఆవిడని కావిలించుకుని, "వెళ్లొస్తానమ్మా," అని తెలుగులో అంది. నాకు ఒక నమస్కారం పెట్టి బస్సెక్కింది. అట్లా చెప్పించింది నేనేనని ఆమెకి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆమె పాఠానికి అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయని మాత్రం ప్రభు చెప్పాడు.

షబ్బీర్ షాపుకి వెళ్లడానికి వారం పట్టింది నాకు. ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"చెప్పానురా," అన్నాను. "ఆమె నమ్మలా."

"బస్సు దగ్గర చెప్పావంటగా," అన్నాడు కింద నించే.

"నేను ముందే చెప్పినా వాళ్లు వినేవాళ్లు కాదేమోరా."

చప్పుడు ఆగింది. "వినేవాళ్లో వినేవాళ్లు కాదో నాకు తెలవదన్నా. గదిలో నువ్వు చెప్పలా. నాకు తెలిసింది అంతే. ఆ పదమూడో నంబరు పానా ఇటు తొయ్యి." తోశాను. వాడు మళ్లీ బోల్టు తిప్పుకోవడంలో పడ్డాడు. వాడి కాళ్లతో ఇంకాసేపు మాట్లాడి వచ్చేశాను.

కొట్టులో ఫోటో పెట్టాను. పెట్టకుండా ఉండాల్సిందేమో, కానీ ఫ్రేము కట్టించాక గోడ ఖాళీగా ఎందుకుంచాలి? మే నెలలో చెన్నై నుంచి ఒక ఎగుమతిదారు వచ్చి ఆ ఫోటో కింద కూర్చుని టీ తాగాడు. శాలువా కథ విన్నాడు. విదేశానికి పంపే కాయకి చిన్న ఆర్డరు ఒకటి చూద్దామన్నాడు. ఉత్తరాలన్నీ మెయిల్లోనే, ఇంగ్లీషులోనే.

ఉజ్మా పరీక్షలు అప్పటికి అయిపోయాయి. ఇంట్లో కూర్చుని ఉంది. కొట్టులో కంప్యూటరు పని ఉందని రబియాతో కబురు చేశాను. మర్నాడే వచ్చింది. గుమ్మంలో ఆగి, "నమస్తే సార్," అంది.

"సారేందమ్మా, కొత్తగా?"

"పనికొచ్చాను గదా సార్," అంది. తర్వాత కుర్చీ దుమ్ము దులుపుకుని కూర్చుంది.

పని బాగా చేస్తుంది. టైముకి వస్తుంది. అడిగిందానికి జవాబు చెప్తుంది. అడగనిది ఏదీ చెప్పదు. పోయిన సోమవారం చెన్నై నుంచి మెయిలు వచ్చింది. అవతలి దేశంవాళ్లు కాయకి తొడిమలు ఎవరు తీస్తారు, ఏ చోట, ఎట్లా తీస్తారు అని అడుగుతున్నారు. చదివి వినిపించి, వేళ్లు కీబోర్డు మీద ఆన్చి, "ఏం రాయమంటారు సార్?" అంది.

"ఉన్నది ఉన్నట్టు రాయి."

"ఏది ఉన్నట్టు సార్? మన షెడ్డుదా, పుల్లారావు గారిదా?"

ఎత్తిపొడుపు అనుకుని మొహంలోకి చూశాను. ఎత్తిపొడుపు కాదు. ఏ రకం కాయ కావాలని గుమాస్తా అడిగినట్టు అడిగింది. కిటికీలోంచి షెడ్డులో వాళ్ల దగ్గు వినిపిస్తోంది, అందులో రబియాది ఏదో నేను గుర్తుపట్టగలను. "మనదే రాయి," అన్నాను. టకటకా కొట్టేసింది. పుల్లారావుది రాయమన్నా అంతే వేగంగా కొట్టేది.

చెన్నై నుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఈ ఏటి లెక్క ఇక్కడికి ముగిసింది. నాకు మిగిలినవి: రంగేసిన రెండు గదులు. ఎవరూ వాడని కమోడ్. ఒక శాలువా. తేలీ తేలని ఆర్డరు. నార్వేలో పెద్ద మనసున్నవాడని పేరు. ఇంకా, నేను ఏం చెప్తే అది మారుమాట లేకుండా రాసే ఒక గుమాస్తా. ముప్పై ఏళ్ల వ్యాపారంలో అంత నికరంగా పనిచేసే మనిషి నాకు ముందెన్నడూ దొరకలేదు.